వైజాగ్‌లో ఉన్న వదినకి

జంగ్లీఘాట్,
పోర్ట్‌బ్లెయిర్.



ఫోను చేస్తుంటే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తమని అడగడానికి రాయడం లేదులే. ఫోనంటే అవతల మనిషి ఊపిరి వినబడుతూ ఉంటుంది, ఏదో ఒకటి బదులు చెప్పి తీరాలి. ఉత్తరంతో ఆ బాధ లేదు. చదవబుద్ధి కాకపోతే మడిచి దిండు కింద పెట్టేసుకో.

అన్నయ్య చెప్పారు, ఈసారీ పిండం పెట్టాక చేసిన బీటా రక్తపరీక్ష రిపోర్టు నెగెటివ్ వచ్చిందని. చెప్పి, కాసేపు ఊరుకుని, "బాగా టెన్షన్ పడిపోయింది కదా, అందుకే నిలబడలేదని అందరూ అంటున్నారు" అన్నారు. ఆ అందరిలో ఎవరెవరున్నారో నాకు తెలీదనుకోకు. మీ అత్తగారు, పెదవాల్తేరు పిన్నిగారు, ఇక్కడ మన వీధిలో ఇద్దరు ముగ్గురు. నిన్ను ఓదార్చడం తర్వాత. ముందు ఈ మాట సంగతి తేల్చేస్తాను. రాత్రిళ్ళు నువ్వు ఇదే తలుచుకుంటూ పడుకుని ఉంటావని నాకు తెలుసు.

ఆ మాట నిజం కాదు వదినా. నీ మీద ప్రేమతో అనడం లేదు, లెక్క చూసి అంటున్నాను. కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో జాకీ బోయివిన్ అని ఒకావిడ ఉన్నారు, ఏళ్ళ తరబడి ఇదే విషయం మీద పని చేస్తున్న మనస్తత్వ శాస్త్రవేత్త. ఆవిడా, ఆవిడ తోటివాళ్ళూ 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం వేశారు. అప్పటిదాకా జరిగిన 14 పరిశోధనలు, వాటిలో 3,583 మంది ఆడవాళ్ళు. చికిత్స మొదలెట్టకముందు ఎవరికి ఎంత దిగులు, ఎంత ఆందోళన ఉందో కొలిచారు. ఆ విడత చికిత్సలో ఎవరికి గర్భం నిలిచిందో, ఎవరికి నిలవలేదో దాని పక్కన పెట్టి చూశారు. దిగులు పడినవాళ్ళకీ, ధీమాగా ఉన్నవాళ్ళకీ ఫలితంలో తేడా కనబడలేదు. గుండె రాయి చేసుకున్న వాళ్ళకీ నిలవలేదు, రోజూ ఏడ్చినవాళ్ళకీ నిలిచింది. నువ్వు ఏడిస్తే పిండానికి తెలిసిపోదు.

ఈ కాగితం ముక్క మీ అత్తగారికి చూపించమనడం లేదు. నువ్వు మాత్రం గుర్తుంచుకో. "టెన్షన్ పడకు" అనే మాటలో ఒక మెలిక ఉంది చూడు. బిడ్డ నిలవలేదన్న బాధ ఒకటి, ఆ బాధ పడ్డందుకే నిలవలేదన్న నేరం ఇంకొకటి. రెండోది పూర్తిగా మనవాళ్ళు మోపినది.

మనసుకి సాయం కావాలని చెప్పేవాళ్ళు కూడా తరచూ ఇదే దారిలో వస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. ధ్యానం చెయ్యండి, మనసు తేలికపడుతుంది, కడుపు పండుతుంది. యోగా క్లాసు కరపత్రంలోనూ ఇదే, టీవీలో డాక్టరుగారి సలహాలోనూ ఇదే. అంటే బిడ్డ కోసం నీ మనసును బాగుచేస్తారన్నమాట. బిడ్డ రాకపోతే? బాగుచేసిన ఖర్చు దండగేనా? నీకు నిద్ర పట్టాలి, అన్నం సహించాలి, పొద్దున్నే లేచి ఈ రోజు గడుస్తుంది అనిపించాలి. బిడ్డ వచ్చినా రాకపోయినా ఇవి నీకు కావాలి. నేను అడిగే సాయం ఆ లెక్కలోది.

ఎంత బరువు మోశావో నేను కళ్ళారా చూశాను. కిందటేడు నీ ఇంజెక్షన్లు మెయిన్‌ల్యాండ్ నుంచి థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాకుల మధ్య వచ్చాయి. మీ ఫ్రిజ్‌లో కరివేపాకు పొట్లానికీ, పాల ప్యాకెట్టుకీ మధ్య పెట్టావు వాటిని. మన ఊళ్ళో కరెంటు సంగతి తెలిసిందే. పోయినప్పుడల్లా "ఫ్రిజ్ తలుపు ఎవరూ తియ్యకండి" అని వంటింట్లోంచి కేక పెట్టేదానివి. సాయంత్రం అదే వేళకి, చుట్టాలున్నా సరే, గదిలోకెళ్ళి గొళ్ళెం పెట్టుకుని, పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని నువ్వే పొడుచుకునేదానివి. బయటికొచ్చి అందరికీ టీ కలిపి ఇచ్చేదానివి. నీ పొట్ట మీద నీలం మచ్చలు నాకొక్కదానికే చూపించావు. ఈ బరువుని కొలిచి చూసినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో, బోస్టన్‌లో, ఆలిస్ డోమర్ అనే ఆవిడ 1993లో ఒక పోలిక చేసింది. పిల్లలు కలగని ఆడవాళ్ళలో దిగులు, ఆందోళన ఎంత ఉన్నాయి, క్యాన్సరు రోగుల్లో, గుండెజబ్బు వచ్చి కోలుకుంటున్నవాళ్ళలో ఎంత ఉన్నాయి అని. దాదాపు సమానంగా తేలాయి. కీమో చేయించుకుని వచ్చిన మనిషిని పేరంటంలో నిలబెట్టి "ఇంకా ఏం విశేషం లేదా?" అని ఎవరూ అడగరు. నిన్ను అడుగుతారు, వాయనం చేతిలో పెడుతూ అడుగుతారు.

ఈ మధ్య నాకు సునామీ రోజులు పదే పదే గుర్తొస్తున్నాయి. 2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున్న ఆరున్నరకి భూమి కదిలినప్పుడు నువ్వింకా వైజాగ్‌లో చదువుకునే పిల్లవి. కార్ నికోబార్ నుంచి, హట్ బే నుంచి, కాంప్‌బెల్ బే నుంచి జనాన్ని ఓడల్లోనూ విమానాల్లోనూ ఇక్కడికి తెచ్చారు. బడులన్నీ శిబిరాలైపోయాయి. బెంగళూరు నిమ్‌హాన్స్ నుంచి మానసిక వైద్యులు వచ్చారు. ఇన్ని వేలమందిని నలుగురైదుగురు డాక్టర్లు ఏం చూడగలరు? అందుకని టీచర్లనీ, స్థానికంగా పనిచేసేవాళ్ళనీ కూర్చోబెట్టి ఎలా వినాలో నేర్పారు. ఆ కూర్చున్నవాళ్ళలో నేనొకదాన్ని. నేర్పింది చూస్తే ఎంత చిన్న సంగతో అనిపించేది. "మర్చిపో" అనకండి. "దేవుడు రాసిపెట్టాడు" అనకండి. చెప్తున్నది మళ్ళీ మళ్ళీ చెప్తున్నా విసుక్కోకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ తర్వాత ఏదో ఒక పనిలోకి, కూరలు తరగడమో పిల్లల్ని ఆడించడమో, మెల్లగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. భక్తి ఉన్నవాళ్ళని ప్రార్థనకి వెళ్ళనివ్వండి. ఇంతే. నికోబారీ భాష ఒక్క ముక్క రాని నేను ఒక ముసలావిడ పక్కన మధ్యాహ్నాలు ఊరికే కూర్చున్నాను, ఆవిడ మాట్లాడుతూనే ఉండేది. వెళ్ళిపోయే రోజున ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

తర్వాత ఆ వైద్యులు రాసిన పత్రాల్లో ఒక మాట ఉంది. కుటుంబాలు, ఊరి పెద్దలు, తరతరాల కట్టుబాటు జనాన్ని నిలబెట్టాయట. నిజమే. మన తెలుగువాళ్ళ వీధుల్లోనూ అదే చూశాం. డోంగీ పడవలు పోగొట్టుకున్న మన శ్రీకాకుళం పల్లెకారు ఇళ్ళకి పొరుగువాళ్ళే బియ్యం మోశారు. అదే వీధి, అదే పొరుగు, అవే చుట్టరికాలు నీ విషయానికొచ్చేసరికి మెడ మీద కూర్చున్నాయి. ఎందుకంటావు? నాకు తోచింది చెప్తాను. అప్పటి నష్టం అందరి కళ్ళ ముందూ జరిగింది. నాగపట్నం తీరాన అదే సునామీలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల్లో కొందరు అప్పటికే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. వాళ్ళకి మళ్ళీ పిల్లలు కలగడానికి ఆ ఆపరేషన్లో మూసేసిన నాళాలు తిరిగి కలిపించే ఖర్చు తమిళనాడు ప్రభుత్వమే పెట్టుకుంది. సర్కారుకే అర్థమైన దుఃఖం అది. నీ నష్టానికి ఫోటో లేదు, పేరు లేదు, పదకొండో రోజు లేదు. స్కానింగులో అందంగా ఉందన్న పిండం, లోపల పెట్టాక నువ్వు మెట్లెక్కడం మానేసిన ఆ రోజులు, ఇవి ఎవరి లెక్కలోకీ రావు. ఏమీ పోలేదు కదా అనుకుంటారు వాళ్ళు. అనుకుని, పలకరింపు పేరుతో వాకబు చేస్తారు.

తమాషా ఏమిటంటే ఈ దీవుల్లో ఎవరికీ ఎక్కువమంది పిల్లలు లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇక్కడ ఒక్కో ఆడమనిషికి సగటున 1.3 పిల్లలే. ఒక్కర్ని కని చాలనుకున్న ఇళ్ళే వీధి నిండా. అయినా ఆ ఒక్కటీ లేనివాళ్ళని వదలరు.

అడగడం దాటి ఎగతాళిలోకి దిగితే మాత్రం ఊరుకోకు. 2005లో వచ్చిన గృహహింస చట్టం తెలుసు కదా, దాన్ని ఒకసారి తెరిచి చూడు. మాటలతో పెట్టే హింస అంటే ఏమిటో చెప్పే చోట, పిల్లలు లేరనీ, మగపిల్లాడు లేడనీ అవమానించడం, ఎగతాళి చెయ్యడం అని విడిగా రాసి ఉంది. నిన్ను కోర్టుకెక్కమనడం లేదు. మీ ఆడపడుచు రెండో పెళ్ళి ప్రస్తావన నవ్వుతూ తెచ్చిందని అన్నావు చూడు, ఆ నవ్వుకి చట్టంలో పేరుందని నీకు తెలిసి ఉండాలి. ఆడవాళ్ళ సహాయ నంబరు 181కి ఫోను చేసినా దారి చెప్తారు.

ఇక ఆసుపత్రులు. 2021లో చేసిన సంతాన సాఫల్య చికిత్సల చట్టం ప్రకారం, వచ్చిన దంపతులకి జరగబోయేది ఏమిటి, గెలిచే అవకాశం ఎంత అన్నది వృత్తి నిపుణుల చేత కౌన్సెలింగ్ ఇప్పించడం క్లినిక్కు బాధ్యత. నీకు జరిగిన కౌన్సెలింగు గురించి నువ్వే చెప్పావు. ఏసీ గదిలో కూర్చోబెట్టి మూడు ప్యాకేజీల చార్టు చూపించి, ఏది తీసుకుంటే ఎంత తగ్గుతుందో చెప్పారు. ఆ చోటు పేరు నేను రాయను, అలాంటివి ఎన్ని లేవు! కానీ మళ్ళీ వెళ్ళాల్సి వస్తే మాత్రం సూటిగా అడుగు: నా వయసుకి, నా రిపోర్టులకి, బిడ్డ ఇంటికొచ్చే అవకాశం నూటికి ఎంత? గర్భం నిలవడం గురించి చెప్తారు, దాటేస్తారు. బిడ్డ ఇంటికి రావడం గురించి అడుగు.

ఎదురుచూసే ఆ రెండు వారాల గురించి కూడా ఒక మాట. పిండం పెట్టిన రోజు నుంచి రక్తపరీక్ష దాకా ఆసుపత్రివాళ్ళకి పనేం ఉండదు, నిన్ను ఇంటికి పంపేస్తారు. మనిషికి పిచ్చెక్కేది అప్పుడే. ఆ బోయివిన్‌గారే తోటి పరిశోధకురాలితో కలిసి ఈ రోజుల కోసం ఒక చిన్న కార్డు తయారు చేశారు. దాని మీద పది వాక్యాలు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చదువుకోవాలి. ఉన్నదాంట్లో మంచి ఏముందో, ఈ రోజు నా చేతిలో ఏముందో చూసుకునే తరహా వాక్యాలు. దాంతో గర్భం నిలుస్తుందని ఆవిడ ఎక్కడా అనలేదు. రోజు గడపడానికి పనికొస్తుందంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. మన తెలుగులో అలాంటిది నువ్వే రాసుకోవచ్చు, నీ చేతిరాత ఎలాగూ నాకంటే బాగుంటుంది.

నువ్వు ఇక్కడికొచ్చాక ఎవరితోనైనా మాట్లాడాలంటే జి.బి.పంత్ ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. నీ భయం నాకు తెలుసు. ఆ ఓపీ చీటీ పట్టుకుని బెంచీ మీద కూర్చుంటే సాయంత్రానికి జంగ్లీఘాట్ మొత్తానికి తెలిసిపోతుంది. ద్వీపం చిన్నది మరి. అందుకే మనసు బాగోలేనివాళ్ళకి ఫోనులో సాయం చేసే టెలీమానస్ నంబరు రాస్తున్నాను, 14416. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. ఏ వేళప్పుడైనా చెయ్యొచ్చు, డబ్బు పడదు, పేరు చెప్పనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. హిందీలో ఎలా ఏడుస్తాం వదినా, కూరగాయల బేరానికైతే సరిపోతుంది గానీ. నిద్ర మాత్రం రోజుల తరబడి పట్టకపోయినా, బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే చెయ్యి. లేదా నన్ను లేపు. అర్ధరాత్రి అని చూడకు.

అన్నయ్య గురించి. నీ పరీక్షలన్నీ అయ్యాక, ట్యూబుల ఎక్స్‌రేకి నువ్వు పళ్ళు బిగబట్టుకుని పడుకుని వచ్చాక గానీ ఆయన వీర్యపరీక్ష చేయించుకోలేదు. ఖర్చు తక్కువ, నొప్పి లేదు, అయినా మన ఇళ్ళలో అదే చివర. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుందని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు దెప్పడానికి చెప్పడం లేదు. ఆయన కూడా ఒంటరిగా ఉన్నారు. డ్యూటీ దిగాక జెట్టీ దగ్గర బల్ల మీద కూర్చుని, ఓడల వంక చూస్తూ, చీకటి పడ్డాక ఇంటికెళ్తున్నారు. మా ఆయన వెళ్ళి పక్కన కూర్చుంటే క్రికెట్ గురించి మాట్లాడతారు. మగవాళ్ళకి ఏడవడానికి స్నేహితులు ఉండరు. నువ్వొక్కదానివే ఆయనకున్నావు, నీకే ఓపిక లేని టైములో. అందుకే ఇద్దరూ కలిసి వెళ్ళి ఒక కౌన్సెలర్ దగ్గర కూర్చోమంటున్నాను. మధ్యలో ఇంకో మనిషి ఉంటే, ఇంట్లో నాలుగు గోడల మధ్య అనలేనివి అనగలుగుతారు.

నీకు ధైర్యం చెప్పడానికని జనం పట్టుకొచ్చే కథలున్నాయి చూశావా, వాటితో జాగ్రత్త. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్భై దాటిన తూర్పుగోదావరి ఆవిడ ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లల్ని కంది కదా. పెళ్ళైన దగ్గర్నుంచీ పిల్లల్లేరన్న మాట పడీ పడీ ఆ వయసులో ఆ సాహసం చేసింది పాపం. పేపర్లన్నీ పండగ చేశాయి. "చూడు, ఆవిడకే అయితే నీకెందుకు కాదు" అని నీకు ఎంతమంది చెప్పారో. నాకైతే ఆ వార్తలో ఒక మనిషిని డెబ్భై ఏళ్ళ దాకా ఊరు ఎంత వేపుకు తిన్నదో కనబడింది. ఇప్పుడు చట్టం ఆడవాళ్ళకి 50 ఏళ్ళ హద్దు పెట్టింది, మంచిదే అంటాను. హద్దు ఉన్నచోట మనిషి ఆగి ఊపిరి పీల్చుకుంటుంది.

మీ హద్దు మీరే పెట్టుకోండి. ఇంకోసారా, ఇంక చాలా, అన్నది చేతిలో డబ్బు, నీ ఒంట్లో ఓపిక చూసుకుని, వచ్చే ప్రయత్నానికి ముందే ఇద్దరూ అనుకోండి. నెగెటివ్ వచ్చిన రోజు సాయంత్రం ఆ నిర్ణయం తీసుకోకండి. ఆ పూట మనిషి దేనికైనా ఊఁ అంటుంది.

"పెంచుకోవచ్చుగా" అంటారు, చాలా తేలిగ్గా. దత్తత మంచిదే. దానికి దత్తతలు చూసే ప్రభుత్వ సంస్థ కారా వెబ్‌సైటులో నమోదు, ఇంటికొచ్చి చూసివెళ్ళడం, ఏళ్ళ తరబడి వరస, అన్నీ ఉన్నాయి. ఇదేదీ అడ్డు కాదు. నువ్వు ఒకరి కోసం ఏడుస్తూ ఉండగా ఇంకొకర్ని తెచ్చుకుంటే, ఆ పసివాడి నెత్తిన నీ కన్నీళ్ళు తుడిచే పని పడుతుంది. ఈ ఏడుపు అయ్యాక, ఆ బిడ్డే కావాలని నీకు అనిపిస్తే అప్పుడు వెళ్ళు. అనిపించకపోతే మానెయ్యి. ఇంకో రకం వాళ్ళున్నారు, సాలుమరద తిమ్మక్క పేరు తీస్తారు. కర్ణాటకలో పిల్లల్లేని ఆవిడ భర్తతో కలిసి హులికల్, కుదూరు మధ్య రోడ్డు పొడుగునా మర్రిచెట్లు పెంచింది, 2019లో పద్మశ్రీ ఇచ్చారు. మహాతల్లి, చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ పిల్లలు లేని ప్రతి ఆడదీ మర్రిచెట్లు నాటి తీరాలని ఎవరు పెట్టారు రూలు? నేను ఇద్దర్ని కన్నానన్న కారణంతో నన్నెవరూ గొప్ప పని చెయ్యమని అడగడం లేదు. నువ్వు ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, లేచి టీ తాగి, సీరియల్ చూస్తే చాలు.

ఇద్దర్ని కన్నానన్నాను కదా. నా నోట ఈ మాటలు నీకు ఎలా వినబడతాయో నేను ఆలోచించకపోలేదు. నీ బాధ నాకు తెలుసు అని అందుకే ఈ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఇక్కడ నీలాంటివాళ్ళు ఇంకో ముగ్గురు నలుగురు ఉన్నారు, ఒకరికొకరు తెలీదు, నాకు విడివిడిగా తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో లెక్కగట్టింది, ఎప్పుడో ఒకప్పుడు ఆరుగురిలో ఒకరికి ఈ కష్టం వస్తుందని. అలా చూస్తే మన వీధిలోనే ఎంతమంది నోరు విప్పకుండా ఉన్నారో. మీరందరూ సరేనంటే మా మేడ మీద గది తెరిచి ఉంచుతాను. టీ పెట్టి కిందికి వచ్చేస్తాను, నేను కూర్చోను.

ఎదురింటి అమ్మాయికి శ్రావణంలో సీమంతం. నిన్ను పిలవాలా వద్దా అని వాళ్ళమ్మ నా దగ్గరకి వచ్చి గుసగుసలాడింది. పిలవండి, అందరికీ ఇచ్చినట్టే కార్డు ఇవ్వండి, రాకపోతే ఎందుకు రాలేదని అడగకండి అని చెప్పాను. రావాలనిపిస్తే రా. కూర్చోలేకపోతే మధ్యలో లేచి మా ఇంటికి వెళ్ళిపో, తాళం ఎక్కడ పెడతానో నీకు తెలుసు.

షిప్పులో వస్తావో ఫ్లైటులో వస్తావో నీ ఇష్టం. షిప్పయితే ఐలాండర్ కార్డు మర్చిపోకు, ఛార్జీలో తేడా వస్తుంది. పైగా రెండు రోజులకి పైగా సముద్రం మీద ఫోను సిగ్నలు ఉండదు, ఎవరూ నిన్ను ఏమీ అడగరు, దాని గురించి ఆలోచించు. వచ్చేటప్పుడు పూర్ణా మార్కెట్లో రెండు కేజీలు ఆవకాయ కారం కొనుక్కురా. ఇక్కడి కారానికి రంగు తప్ప ఘాటు లేదు, కిందటేడు పెట్టిన జాడీ మా ఆయన ఇంకా నవ్వుతూనే తింటున్నారు.

నీ వదిన